గీత పడ్డ రాయి

సైన్సు బ్లాకు ముందర, సైకిల్ స్టాండుకి ఇవతల
నిలబెట్టారు దాన్ని, ఎండాకాలం సెలవుల్లో,
పిల్లలెవరూ లేనప్పుడు.
క్రేను టైరు దిగబడ్డ గుంట ఇప్పటికీ ఉంది గడ్డిలో.
వాన పడితే పిచ్చుకలు స్నానం చేస్తాయి.

పలక మీద పేరు జ్ఞాన తరంగం.
పిల్లలకి మాత్రం మడతదోసె.
"మడతదోసె కాడ ఉన్నా, రా" అని
ఒంగోలు బస్సు దిగినోళ్లకి ఫోన్లో గుర్తు చెప్తారు.
శిల్పి ఉన్న రోజుల్లో నేనే అడిగా,
ఇదేందయ్యా అని.
ఆయన బీడీ ఆర్పి
"నాకూ పూర్తిగా తెలీదు పేరయ్యా,
కొంచెం గాలి, కొంచెం అలసట" అన్నాడు.
తెలుసని చెప్పలా. అది నచ్చింది నాకు.

నాకు తరంగం తెలీదు, రాయి తెలుసు.
ఈ వాచ్‌మన్ చొక్కా తొడుక్కోక ముందు
పదిహేడేళ్లు చీమకుర్తి క్వారీలో ఉన్నా.
మెట్టు మీద మెట్టు దిగుతా పోతే
అడుగునున్న మనిషి పైవాడికి చీమంత.
నల్లరాయి మీద నీళ్లు కొడితే
చుక్కలు లేస్తాయి,
అమావాస్య మీద ఎవరో ఇత్తడి రజను చల్లినట్టు.
ఆ చుక్కలకే ఓడలెక్కుద్దంట రాయి.
మేం చుక్కల్ని లెక్కబెట్టలా.
డ్రిల్లు ఎన్నడుగులు దిగిందో అదే మా లెక్క,
అడుక్కింతని కూలి.

ఈ దిమ్మె మా మెట్టుదే.
ఎట్టా తెలుసంటే, గీత.
నడుము కాడ ఏటవాలుగా
పాలు ఒలికి ఆరినట్టు తెల్లగీత.
అది బయటపడ్డ రోజు సూపర్‌వైజరు
నన్నూ మాలకొండయ్యనీ నానా మాటలన్నాడు,
మేమే సుద్దముక్కతో గీసినట్టు.
ఎర్రరంగుతో ఇంటూ కొట్టించి
వేస్టు గుట్ట మీదికి తోయించాడు.
పదకొండేళ్లు
మేకలెక్కి దిగిన రాయి.

శిల్పి ఆ గుట్టంతా తిరిగి
దీన్నే కావాలన్నాడంట.
గీతని దాయలా.
వంపంతా దానెంబడే తిప్పాడు,
చీకట్లో కాలవ గట్టెంబడి
పొలానికి నడిచే మనిషిలా.

వెనక, గోడవైపు, ఎవరూ పోని వైపు
పాత డ్రిల్లు గాడి ఒకటి వదిలేశాడు.
పాలిష్ లేదు. గరుకు.
కిందికి పోయి రాతిలోకి దూరి
జానెడు బెజ్జమవుద్ది.
పరీక్షల నెలలో పిల్లలు అందులో చీటీలు దూరుస్తారు.
దేవుడనుకుంటారో, పోస్టు డబ్బా అనుకుంటారో.
శుభ్రం చేయమని ఆఫీసు ఆర్డరు.
తీస్తా గానీ చదవను.
ఒకసారి మాత్రం విప్పుకుపోయి కనపడింది:
"ఈసారికి థర్మోడైనమిక్స్."

రాత్రి రెండో రౌండులో
టార్చి ఆర్పి ఆ గాడిలో వేలు పెడతా.
మాలకొండయ్య ఎడం చెవి దీంట్లోనే పోయింది,
ఇట్టాంటి వాటిల్లో.
తర్వాత కుడిది.
ఇప్పుడు ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తుద్ది,
పక్కనించి "ఎవురు, ఎవురు" అని కేకలు.

మొన్న ఆసుపత్రి పని మీద ఒంగోలొచ్చి
సాయంత్రం ఇటు తీసుకురమ్మన్నాడు.
కొత్తపట్నం వైపు నుంచి గాలి మళ్లింది అప్పుడే.
రాయి ఇంకా వెచ్చగా ఉంది.
చుట్టూ తిరగలా, పేరు చదవలా.
తిన్నగా గీత మీద చెయ్యి పెట్టి
గిత్త వీపు చరిచినట్టు రెండు దెబ్బలేసి
"మనదే రా ఇది!" అన్నాడు.
తన గొంతు తనకి వినపడదు గదా,
స్టాండు కాడ పిల్లలందరూ ఉలిక్కిపడ్డారు.
ఒకమ్మాయి చేతిలో తాళాలు జారిపోయాయి.

"ఇంటూ యాడుంది?"
చెరిపేశారని చేత్తో చూపించా.
నమ్మలా.
పంచె ఎగ్గట్టి వొంగి, మోకాళ్ల మీద కూర్చోని
వెతికాడు, నేను వారిస్తానే ఉన్నా.
దొరికింది.
అడుగున, సిమెంటుకి ఆనిన చోట
గోరంత ఎరుపు.
గోటితో గీకాడు. రాలా.
ఇంకాస్త గీకి
లేచి, చేతులు దులుపుకుని,
టీ యాడ దొరుకుద్దని అడిగాడు.