మోకాలికీ కంటికీ

పొద్దున్నే మా లేలో మెట్లు దిగదు,
జారుతుంది.
ఒక్కో మెట్టు మీదా కూలబడి
మూటను దించినట్టు
తనను తనే దించుకుంటుంది.
పదకొండు మెట్లు. ఆరేళ్ళు.
వంటింట్లో హిల్యా అమ్మమ్మ రై రొట్టె కోస్తూ
చప్పుళ్ళు లెక్కపెడుతుంది.
ఏడో చప్పుడు దగ్గర ఆగిపోతే
కత్తి కూడా ఆగుతుంది.

మధ్యాహ్నానికి అదే పిల్ల
జూనిపర్ పొదల్లో కుందేలు.
అందుకే నేను నమ్మలేదు.
"బడి ఎగ్గొట్టే నొప్పి" అన్నాను.
ఆ మాట తనకి గుర్తుందో లేదో.
నాకు పద్నాలుగేళ్ళు. నాకు గుర్తుంది.

మోకాలు టర్నిప్ గడ్డలా ఉబ్బాక
మా హీయుమా దీవి నుంచి ఓడెక్కాం.
టాలిన్ ఆసుపత్రిలో
మోకాలు చూసిన డాక్టరు
కళ్ళ డాక్టరుకి చీటీ రాసింది.
"మోకాలికీ బోడిగుండుకీ ముడా?" అంది అమ్మమ్మ.
కీళ్ళనొప్పులు తన ఈడువాళ్ళ సొత్తని
అప్పటిదాకా అనుకున్న మనిషి.
కొంచెం అలిగినట్టే ఉంది,
తన ఊతకర్ర ఎవరో
పసిదానికి ఇచ్చేసినట్టు.

లేలో కన్ను ఎర్రబడలేదు.
నీరు కారలేదు. మండలేదు.
గోడమీది అక్షరాలన్నీ గడగడా చదివేసింది.
మోకాలు అరిచింది కాబట్టి విన్నాం.
కన్ను నోరులేనిది,
తలుపులేసుకుని లోపల తగలబడుతోంది.

డాక్టర్ ఉర్వె యంత్రానికి పక్కన ఇంకో గొట్టం ఉంది,
నేర్చుకునేవాళ్ళ కోసం.
"చూస్తావా?" అంది నన్ను.
గది చీకటి. కత్తి వాదరంత వెలుగు.
మా గడ్డి అటకలో
చెక్కల సందు నుంచి ఎండ పడినప్పుడు
దుమ్ము కనిపిస్తుందే, అలా
మా చెల్లి కంటి లోపలి నీటిలో
నలుసులు, తేలుతూ, ఏ తొందరా లేకుండా.

కంట్లో నలుసు పడితే ఇన్నాళ్ళూ ఊదేదాన్ని.
వీటిని ఎటునుంచి ఊదను?

ఉర్వె లెక్కపెడుతోంది, పెదాలు కదపకుండా.
తర్వాత మందు చుక్క వేసింది.
కంటిపాప గుండ్రంగా విచ్చుకోలేదు,
అక్కడక్కడా అతుక్కుపోయి
మూడు రేకులై నిలబడింది.
"నాది పువ్వు కన్ను" అని లేలో
తిరుగు ఓడలో అందరికీ చూపించింది,
కాఫీ అమ్మేవాడికి కూడా.
నేను కిటికీ వైపు తిరిగాను.
బయట సముద్రం తప్ప ఏమీ లేదు.

గంటగంటకీ చుక్కలు ఇప్పుడు నా పని.
బడిలో నడవా పొడవునా పరిగెడతాను
జేబులో సీసా గలగలమంటుంటే.
కంటికి రెప్పలా చూసుకోమంటారు కదా,
ఆ రెప్పే నాకు శత్రువు.
చుక్క జారేలోపు మూసుకుంటుంది.

శుక్రవారం రాత్రి సూది.
ఆ మందు పసుపు.
అప్పట్నుంచీ పసుపేది చూసినా తనకి కడుపులో తిప్పుతుంది:
గుడ్డు సొన, అమ్మ వానకోటు,
నా పాత పెన్సిలు.
సొన తీసేశాం. కోటు అటక ఎక్కింది.
మే నెల వచ్చింది,
రాత్రికి రాత్రి పెరడంతా డాండెలియన్లు పూశాయి.

తను లేవకముందే దిగాం నేనూ అమ్మమ్మా.
నడుం పట్టేసిందని తిట్టుకుంటూనే
ఆవిడ గేటుదాకా కోసింది,
నేను బావిదాకా.
పక్కింటివాళ్ళవి మిగిలాయి,
వాటినేం చేస్తాం.

ఎనిమిది గంటలకి పై మెట్టు మీద లేలో.
ఇంకా కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని
తెరిచిన తలుపులోంచి పెరట్లోకి చూస్తోంది.
"పువ్వులేవీ?"
"మేకలు తినేశాయి."
"మనకి మేకల్లేవు" అంది,
పువ్వుకాడల పాలు ఎండి
గోధుమరంగు తిరిగిన నా వేళ్ళకేసి చూస్తూ.

చూసింది.
పదకొండు మెట్ల పైనుంచి,
అంత చిన్న మరకల్ని.