కారణాల గడి

గుణదలలో మా ఆఫీసు, మూడో అంతస్తు.
పడమటి కిటికీ అద్దాలకి పాత క్యాలెండర్లు అంటించాం
ఎండ రాకుండా.
ఆ అట్టల నీడలో కూర్చునే
ఏడాదికి ఎంత ఎండ కొన్నామో
లెక్క రాస్తాను నేను.

అమ్మే ప్రతి నూరు యూనిట్లలో
ఇన్ని ఎండవి, ఇన్ని గాలివి ఉండాలని చట్టం.
ఏటికేడూ కాస్త పెరగాలి.
ఫైలు మీద దాని పేరు బారెడు:
పునరుత్పాదక విద్యుత్ కొనుగోలు బాధ్యత.
మేం ఉట్టి బాధ్యత అనే అంటాం.
"బాధ్యత ఎంతవరకొచ్చిందమ్మా?"
టీ గ్లాసు ఊదుకుంటూ జోజప్ప గారు.
"ఇంకా తీరలేదండీ."
ఎవరింట్లో అప్పు గురించో మాట్లాడుకున్నట్టు.

మార్చి ఆఖరు.
లోటు పక్కన ఒక గడి ఉంటుంది, కారణం అని.
పోయినేడు అందులో రాశారు
"తగినంత లభ్యత లేదు."
ఆ ముందేడూ అదే.
చేతిరాత మారింది, మాట మారలేదు.
ఈసారీ అదే దింపెయ్యమన్నారు.

తగినంత లేదట.
బెజవాడలో.
ఎండ.
బెంజిసర్కిల్లో హెల్మెట్ తీస్తే
తల్లోంచి ఆవిరి లేచే ఊళ్ళో,
రోహిణి కార్తె రాకముందే
తారు చెప్పుకి అంటుకుని వెంట వచ్చే ఊళ్ళో.

ఫైలు ఇంటికి పట్టుకెళ్ళాను.
ఇల్లంటే ఇబ్రహీంపట్నం, చిమ్నీలు కనపడే వైపు.
మేడ మీద మా అత్తగారు నాంచారమ్మ
గుమ్మడి వడియాలు పెట్టి
పైన వాయిల్ చీర కప్పి
నాలుగు మూలలా ఇటుకలుంచింది.
కాకులకి కాదు, బూడిదకి.
సాయంత్రం ఒక వడియం గోటితో గీకి
నాలిక మీద వేసుకుని చెబుతుంది:
"ఇవాళ రెండు పొయ్యిలే వెలిగించినట్టున్నారు."

ఏం రాస్తున్నావంటే చెప్పాను.
"ఎండని కొంటారా! ఎవరమ్ముతారు?"
పలకలు పరిచినవాళ్ళు, అనంతపురం అవతల.
"కొనకపోతే?"
కాగితాలు కొంటాం అత్తయ్యా.
ఎక్కడో ఎవరో వాడిన ఎండకి పత్రం ఇస్తారు,
అది మనం కొంటే
మనం వాడినట్టే లెక్క.
ఆవిడ చీర దులిపి మడత పెట్టేదాకా మాట్లాడలేదు.
"అంటే పక్కింటామె ఉపవాసం ఉంటే
రసీదు మనం కొనుక్కున్నట్టా?"

నవ్వాను.
రెండో సగం మాత్రం చెప్పలేదు.
ఎండ ఆరింటికి డ్యూటీ దిగిపోతుందనీ,
ఏడింటికి ఊరు ఊరంతా ఏసీ వేస్తుందనీ,
ఆ గంటకి మా చేతిలో బొగ్గు తప్ప ఏమీ ఉండదనీ.
పాతికేళ్ళకి పెట్టిన సంతకాలు
కరెంటు వాడినా వాడకపోయినా
అద్దె అడుగుతాయనీ.
ఆ పొయ్యిల దగ్గరే ఆవిడ చిన్నకొడుకు శివనాగులు,
బొగ్గు బెల్టు మీద, రాత్రి షిఫ్టు.
బూడిదని తిట్టిన నోటితోనే
వాడి క్యారేజీలో నాలుగు వడియాలు ఎక్కువ వెయ్యమంటుంది.

ఎవరిని కారణం అని రాయను?

మంచి మాటగా చెబితే వినమని
చట్టం చేసినవాళ్ళకి ముందే తెలుసు కాబోలు,
అంకె వేసి చెప్పారు.
మేం అంకెకి అంకెతోనే జవాబు చెప్పడం నేర్చుకున్నాం.

మర్నాడు గడి నింపి ఇచ్చాను.
"లభ్యత ఉంది. కొనలేదు."
జోజప్ప గారు చదివారు.
కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుని
మళ్ళీ చదివారు.
"ఇది పైకి పోదమ్మా."
పోదు, తెలుసు.
కానీ కొట్టెయ్యలేదు ఆయన.
లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి
గమ్ ఊడిన క్యాలెండరు మూల ఒకటి
తారీఖు చూడ్డానికన్నట్టు పైకెత్తారు.

మూడు గంటల ఎండ
సెక్షన్లోకి బారుగా వచ్చి పడింది.
మిగతా ముగ్గురూ
కుర్చీలు చప్పుడు చేసుకుంటూ
పక్కకి జరిగారు.