రేణువంత సందు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
అమోనియా గది తలుపు పక్కన
మేకుకి వేలాడే మాస్కుని
దేవసహాయం మావ గురువారం గురువారం దించేవాడు.

వాచీ విప్పి జేబులో వేసుకుని
గిన్నెడు నీళ్ళు, చంటిపిల్లల సబ్బు,
అరిగిపోయిన పళ్ళబ్రష్షు,
అత్త పాత వాయిలు చీర ముక్క.
అంతే సరంజామా.

"జైసల్మేర్ అవతల మాకు గిన్నె కూడా లేదురా బాజీ.
మనిషికి అరగ్లాసు.
అది తాగాలో, మాస్కు తుడవాలో
నువ్వే తేల్చుకోవాలి."

అక్కడి ఇసుక ఇసుకలా ఉండదట.
జల్లించిన గోధుమపిండిలా లేస్తుందట.
రొట్టెలో, తుపాకీ గొట్టంలో, ఉత్తరం మడతలో,
కనురెప్ప కింద.
సెలవు మీద ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిస్తే
అడుగున గుప్పెడు ఎడారి ఉందట.

ఇక్కడ ఇసుక లేదు.
ఏప్రిల్లో లారీ మీంచి టిక్కీ జారి పగిలితే
గాలికి ఎర్రగా పట్టే పొడి ఉంది.
ముఠావాళ్ళు కండువాల్లోంచి తుమ్ముతుంటే
మావ ముందు మాస్కు వైపు చూసేవాడు,
తర్వాత మనుషుల వైపు.

"ఊపిరి బయటికి పోయే చోట
రూపాయి బిళ్ళంత రబ్బరు రేకు ఉంటది.
దాని కింద ఒక్క రేణువు ఇరుక్కుందా,
ఇక రేకు మూసుకోదు.
ఆ సందులోంచి వచ్చేది నీకు చెప్పి రాదు.
డబ్బాని మాత్రం తడపమాక,
తడిస్తే లోపలి బొగ్గు చచ్చిపోద్ది.
ఎండలో పెట్టమాక,
రబ్బరు కూడా మనలాగే ముడతలు పడుద్ది."

చివర్లో తొడుక్కుని
పీల్చే చోట అరచెయ్యి అడ్డం పెట్టి గాలి లాగేవాడు.
రబ్బరు బుగ్గలు లోపలికి పీక్కుపోయేవి.
పది లెక్కపెట్టేదాకా అలాగే.
ఆ పదిలో ఆయన ఎక్కడుండేవాడో
నేనడగలేదు.

మేనేజరు నవ్వేవాడు:
"పదకొండేళ్ళలో ఒక్కసారన్నా లీకైందా?
కట్టని చీరకి వారం వారం ఇస్త్రీ ఎందుకయ్యా?"

ఒకే ఒక్కసారి, గేటు బయట బీడీ కాలుస్తూ అన్నాడు:
"ఓ రోజు ఆ అరగ్లాసు తాగేశా."
తర్వాత ఏమైందో చెప్పలేదు.
బీడీ ఆరిపోయింది.
మళ్ళీ వెలిగించుకోలేదు.

మావ కళ్ళకి శుక్లాల ఆపరేషనై ఇంట్లో ఉండిపోయాక
రెండు గురువారాలు ఎగ్గొట్టాను.
మూడోదాన తొడుక్కుని, అరచెయ్యి పెట్టి, లాగాను.
బుగ్గలు కదల్లేదు.
గొంతులోకి సన్నగా, సూదిలా, తేజ కారం దిగింది.
అద్దాల వెనక ఏడుస్తూ దగ్గుతూ
పట్టీలు పీకేశాను.

రేకు ఎత్తి చూస్తే
మిరపగింజ కూడా కాదు,
గింజ మీది పొర.

ఆ రోజు లీకేం కాలేదు.
కంప్రెసరు మామూలుగానే గురక పెడుతోంది.
నాకు నీళ్ళ కొదవా లేదు,
కుళాయి తిప్పితే ధారే.
అయినా గిన్నెలోకి
అరగ్లాసే పట్టాను.