పద్నాలుగో నెల

సిరిపురంలో నాలుగో అంతస్తు.
ఏసీ నీళ్ళు బకెట్లో టప్‌టప్‌మంటూ
రాజుగారి అప్పు మీద వడ్డీలా పడుతున్నాయి.
తెర మీద కొమ్మాది:
నూట నలభై సెంట్ల జీడితోట,
డెబ్భై రెండు ఫ్లాట్లు, ముప్పై నెలలు,
ఒక్కో నెలకీ ఒక్కో నిలువు పట్టీ.

ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కడో చలిదేశంలో పుట్టింది.
కొత్త ఫైలు తెరవగానే మర్యాదగా అడుగుతుంది,
"మంచు వల్ల ఆలస్యం ఎన్ని రోజులు?" అని.
మొదటిసారి నవ్వుకున్నాను.
రెండోసారి మంచు కొట్టేసి తుఫాను అని రాశాను:
అక్టోబరులో పన్నెండు, నవంబరులో తొమ్మిది.
దానికి ఆషాఢం తెలీదు.
నెల పొడుగునా ఒక్కరూ అడ్వాన్సు ఇవ్వరంటే
ఎర్రగా మెరిసి, సున్నా పొరపాటేమో చూసుకోమంది.
ఇక మూఢం సంగతి ఎత్తే ధైర్యం చాల్లేదు.
ఇచ్ఛాపురం మేస్త్రీలు వరికోతలకి పోయే పదిహేను రోజుల్ని
"ఇతరములు"లో దాచాను.

దీని లెక్క వెనక నుంచి నడుస్తుంది.
ముందు ఫ్లాట్లన్నీ అమ్ముడైపోయాయనుకోవాలి.
అందులోంచి సిమెంటు తీసెయ్యాలి, ఇనుము తీసెయ్యాలి,
ప్లాను పాసవడానికయ్యేది,
పాసయ్యేలా చూడ్డానికయ్యేది,
బ్యాంకు వడ్డీ, బ్రోకరుకి రెండు శాతం,
ఆపైన రాజుగారి లాభం. పద్దెనిమిది. దాన్ని ముట్టుకోకూడదు.
అన్నీ తీసేశాక
గిన్నె అడుగున మాడుచెక్కలా మిగిలిందే
నేల ధర.
అన్నిటికంటే ముందు నుంచీ ఉన్నది
అన్నిటికంటే చివర.

ఆ అడుగు గడి పేరు ఒమ్మి సన్యాసమ్మ.

మంగళవారం వచ్చింది.
జీడిపిక్కల జిగురుకి నల్లబడిపోయిన వేళ్ళు.
కుర్చీ చూపిస్తే అంచున కూర్చుంది.
తెరంతా ఒకసారి పైనుంచి కిందకి చూసి
"మా నుయ్యి ఇందులో ఏ గదిలో ఉన్నాదమ్మా?" అంది,
గడిని గది అనుకుని.
వెతికాను. నలభై ఏడో వరస.
నుయ్యి పూడ్చివేత, లక్షా పదివేలు.
ఖర్చు కింద.
చెప్పలేదు. మంచినీళ్ళ సీసా చేతికిచ్చాను.
రెండు గుక్కలు తాగి
"ఇదేటి, బిందెలు తోమినట్టు వాసనొస్తంది" అంది.

ఆ రాత్రి పద్నాలుగో నెల ఎర్రగానే ఉంది.
మూడో శ్లాబు, వడ్డీ వాయిదా, ఆషాఢం
ఒక్కచోటే వచ్చిపడి
తొంభై నాలుగు లక్షల గొయ్యి.
అమ్మకం ధర అయిదు శాతం పెంచి చూశాను.
టక్కున పచ్చబడింది.
అబద్ధం వేస్తే చాలు, ఈ తెర మీద ఏదైనా మొలుస్తుంది.
వెనక్కి తెచ్చాను.

అప్పుడు కనబడ్డాయి, ముప్పై ఒకటో వరసలో, ట్యాంకర్లు.
క్యూరింగుకి రోజుకి రెండు, ఇరవై రెండు నెలల పాటు.
నలభై ఏడు తుడిచేశాను.
ముప్పై ఒకటిని సగం చేశాను.
నీళ్ళు అక్కడే ఉన్నాయి కదా,
ఎవరూ అడగలేదంతే.
తొంభై నాలుగు తొంభై అయింది.
ఎరుపు ఎరుపే.

పొద్దున్న రాజుగారు ఆ నాలుగు లక్షల కేసి చూడనైనా లేదు.
"నుయ్యి ఏ మూల?" అన్నారు.
"ఈశాన్యం."
"మరి ముందే చెప్పవేం? ఉంచెయ్."
రాత్రంతా నేను చేసిన తీసివేతలు
టీ గ్లాసు కింద తడిసిపోయాయి.

కొమ్మాది, పందొమ్మిదో వెర్షన్. సేవ్ చేశాను.
ఖర్చుల్లోంచి నుయ్యి పోయింది,
రాబడిలో దానికి వరస లేదు.
సన్యాసమ్మ మళ్ళీ వచ్చి అడిగితే
ఈసారి చూపించడానికి గడే లేదు.

కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ మీద
మబ్బు ఒకటి వంగి కనిపిస్తోంది.
తుఫాను వరసలో
ఇంకో మూడు రోజులు కలిపాను.