గోడకి అవతల

పన్నెండేళ్లుగా మా ఇద్దరి మధ్య
ఒక ప్లైవుడ్ గోడ.
వల్పరైసో కొండ మీద
రేవుని చూస్తూ నిలబడ్డ రేకుల బడి.
ఇటు నా చరిత్ర, అటు ఇస్మేనియా లెక్కలు.
నేను యుద్ధం దాకా వచ్చేసరికి
ఆమె భిన్నాల దగ్గర ఉండేది.
ఆమె గొంతు పెంచితే నేనూ పెంచేవాణ్ణి,
ఒకే మంట మీది రెండు గిన్నెల్లా
కలిసి పొంగేవాళ్లం.

రోజూ ఎనిమిదింటికి హాజరు.
ఒయార్సో, దమియన్.
ఆగేది.
మూడు గుటకలు పడేంతసేపు.
పలావెసినో, రోసియో.

దమియన్ ఆగస్టు నుంచి రావడం లేదు.
పేరు కొట్టెయ్యమని ఆఫీసు రెండుసార్లు చీటీ పంపింది.

అక్టోబరులో ఒక సోమవారం
ఆమె వచ్చింది, గొంతు రాలేదు.
నోరు తెరిస్తే గాలి,
ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు.
పచ్చి వెలక్కాయ పడిందనుకుంటే
అదైనా కనపడాలి కదా.
డాక్టరు దీపం వేసి చూశాడట:
వాపు లేదు, పుండు లేదు.
ఏమీ లేదని చెప్పడానికి
అరగంట పట్టిందట.

సెలవు కాగితంలో గొంతుకో గడి, నడుముకో గడి,
విరిగిన ఎముకలకి మూడు గడులు.
నేనే నింపుతున్నాను.
'ఎప్పటినుంచి?' అన్న చోట
నా చేతిలో పెన్ను లాక్కుని
'ఆగస్టు' అని రాసింది.

సెలవు రాలేదు, మైకు వచ్చింది,
నడుముకి కట్టుకునే చిన్నది.
హెడ్మాస్టరు మంచివాడే,
సొంత డబ్బుతో కొన్నాడు.
ఆ మైకులోంచి గోడ దాటి
ఆమె ఊపిరి నా గదిలోకొచ్చింది,
మెట్లెక్కుతున్న మనిషి ఊపిరి.
పిల్లలు నవ్వలేదు.
అందుకే భయమేసింది.

ఆ రాత్రి మా ఆవిడ ఉప్పు అందించమంది.
ఆ మాట నాకు చేరేసరికి
ఆమే లేచి తెచ్చుకుంది.
ఎన్నేళ్లుగానో దీన్ని అలసట అంటున్నాను.
అలసటకైతే
ఒక ఆదివారం సరిపోవాలి.

గురువారం పాఠం మధ్యలో
సుద్దముక్క పట్టుకున్న పిడికిలితోనే
గోడ మీద రెండు దెబ్బలు కొట్టాను.
జవాబు లేదు.
శుక్రవారమూ లేదు.

సోమవారం మైకు మోగలేదు.
అవతల పిల్లలే హాజరు చదువుకుంటున్నారు,
ఒకరి పేరు ఇంకొకరు.
ఒయార్సో, దమియన్.
వాళ్లూ ఆగారు.
ఆ ఆగిన చోట
గోడ మీద ఒక్క దెబ్బ,
మెల్లగా, మెటికలతో.

"ఎలకా సార్?" అంది ముందు బెంచీ పిల్ల.

"కాదు," అన్నాను. "లెక్కల టీచరు."