దిగొచ్చిన చెట్లు

కదిరి నుంచి రెండు రాత్రులు లారీలో
తీగ చుట్టల మీద తలపెట్టుకుని వచ్చాం, పదకొండు మందిమి.
కవిటి దాటాక రోడ్డు లేదు,
రోడ్డు మీద కొబ్బరితోట ఉంది.
కోస్తూ, లాగుతూ, మళ్ళీ కోస్తూ
మధ్యాహ్నానికి ఒక ఊరు చేరాం.

ఊరంటే,
సముద్రం వైపు నుంచి ఎవరో దువ్వినట్టు
చెట్లన్నీ ఒకే దిక్కుకి పడున్నాయి.
మావైపు కొబ్బరంటే గుడికెళ్తూ కొనే కాయ.
దానికి ఇంత మొదలుంటుందని, ఇన్ని వేళ్ళుంటాయని
అప్పుడే చూశాను.
క్యాన్లో నీళ్ళు పొద్దున్నే ఐపోయాయి.
ఇళ్ళు పోయినవాళ్ళని మంచినీళ్ళెలా అడుగుతాం?

ఆవిడే వచ్చింది, చేతిలో కత్తితో.
ఓబులేసు ఒకడుగు వెనక్కేశాడు కూడా.
ఐదు రోజులైంది కదా కరెంటు లేక,
తిట్లుంటాయని తెలిసే వచ్చాం.
పడిపోయిన చెట్టు పక్కన గొంతుక్కూచుని
గెలలోంచి ఒక్కో బొండం తెంపి, చెక్కి,
"తాగండి బావూ. ఎక్కీ పని నేదిప్పుడు,
సెట్లే దిగొచ్చీసినాయి" అంది.
నవ్విందో లేదో చూడలేకపోయాను.

ఎంతమ్మా అని జేబులో చెయ్యి పెడితే
"మా మావ నాటిన సెట్టిది.
ఆకరి కాపుని అమ్మీస్తారేటి?"

నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయి.
నేల గుణమేమో. అడగలేదు.

మూడోరోజు చీకటి పడ్డాక
సబ్‌స్టేషన్లో ఎల్సీ తిరిగిచ్చి లైను ఛార్జి చేశాం.
ఊరంతా ఒక్కసారి అరిచింది.
దాలమ్మ ఇల్లు మాత్రం అలాగే ఉంది.
ఫ్యూజేమోనని వెళ్ళాను.
మీటరే లేదు. గోడ మీద
అది ఉండేచోట తెల్లటి నలుచదరం, నాలుగు మేకుల కన్నాలు.

"మాకెక్కడిది బావూ, బిల్లు కట్నేదని
ఎప్పుడో కోసీసినారు. నీలాటి గుంటడే ఒచ్చినాడు.
ఆడూ ఎండన పడొచ్చినాడు, పాపం.
మంచినీల్లిచ్చి పంపినాను."

నా బెల్టుకి కటింగ్ ప్లేయరు వేలాడుతోంది.
దాన్ని వీపు వైపుకి తిప్పుకున్నాను.
కదిరిలో నేను కోసొచ్చిన ఇళ్ళు
లెక్కపెట్టబోయి, మానేశాను.
ఒక ఇంట్లో ఎవరో మజ్జిగ ఇచ్చారు. ఏ ఇల్లో గుర్తులేదు.

ఆ రాత్రి ఏ స్తంభం నుంచి
ఏ తీగ ఎటు వెళ్ళిందో
రిజిస్టర్లో రాయలేదు.
ఓబులేసు నిచ్చెన పట్టుకున్నాడు,
ఏమీ అడక్కుండా.