నూటికి చివరి ఇరవై

అరిజోనా ఎడారి అంచున, జనవరిలో,
నా రేకుల కొట్టు బల్ల మీద
మావిస్ ఓ పాత చార్జర్ దించింది.
ఎర్ర ఇనప్పెట్టె. యాభై ఆంపియర్లు.
"డ్వేన్‌ది," అంది. "లారీల షెడ్డులోంచి తెచ్చుకున్నాడు.
ఏడాదికో జత బ్యాటరీలు పోయేవి,
ఆర్వీ నిండా కుళ్ళిన గుడ్ల కంపు."

పోవా మరి?
అది మొరాయించిన ఇంజన్ని తన్ని లేపే సరుకు.
రాత్రంతా దీపానికీ ఫ్రిజ్‌కీ నీళ్ళ పంపుకీ
కొంచెం కొంచెంగా తనని పంచిపెట్టి
తెల్లారేసరికి డీలాపడే బ్యాటరీకి
వడ్డించే తీరు వేరు.
ముందు గరిటెతో, ఎనభై పాళ్ళ దాకా.
ఆపైన చెంచాతో.
ఆ చివరి ఇరవైకి
పొద్దుగూకినా సరే, తొందరపెట్టకూడదు.
నిండాక ఇక చుక్కచుక్కగా, ఇంకినంతే.

బ్యాటరీల మీద ఎంతని రాసుందో అడిగాను.
చేతిమీద పెన్నుతో రాసుకొచ్చింది: రెండొందల ఇరవై.
పదో వంతుకి దగ్గరగా
ఇరవై ఆంపియర్లది, మూడంచెలది, తీసిచ్చాను.

ధర చూసి నోట్లు లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది.
"భోజనం కూడా నిలబడే చేసేవాడు," అంది,
నాతో కాదు.

పాతది వదిలెయ్యి, తుక్కుకి వేస్తానన్నాను.
వినలేదు.
చెరో చేత్తో ఒక్కోటి పట్టుకుని
కంకర మీద నడిచి వెళ్ళింది,
బరువైన వైపు ఒరుగుతూ.